మంచు దిగే వేళ గరగర

రక్తపరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ నాకు నవ్వొస్తుంది. డెబ్బై దాటిన ఆడమనిషి, చక్కెర జబ్బు మనిషి, సూది గుచ్చించుకోవడానికి వెళ్ళి నవ్వుతూ కూర్చుంటే చూసేవాళ్ళు ఏదో తేడా అనుకోరూ? మొన్న కూడా అంతే. విజయనగరంలో మా వీధి చివర ల్యాబులో ఒక పిల్ల దూదిని స్పిరిట్‌లో ముంచి నా మోచేతి మడత మీద రాసింది. ఆ చల్లదనానికి, ముక్కులోకి సూటిగా దూసుకుపోయే ఆ ఘాటుకి నా మొహం దానంతట అదే విచ్చుకుంది. "ఏటండీ నవ్వుతన్నారు? సూదంటే బయం లేదేటి?" అంది ఆ పిల్ల. "గిటారు గుర్తొచ్చిందమ్మా" అన్నాను. ఆ పిల్ల నా చీటీ తీసి, వయసు దగ్గర రాసింది మరోసారి చూసుకుంది.

అందరికీ అది ఆసుపత్రి వాసన. నాకు మాత్రం అది చీపురుపల్లి రైల్వే క్వార్టర్ల వరండా. అరవైల చివరి మాట. అప్పటికింకా విజయనగరం జిల్లా కాలేదు, మా చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. మా నాన్న స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమస్తా. మా పక్క క్వార్టరు పైడిరాజు మావది. ఆయన సిగ్నళ్ళ మరమ్మతులు చూసే ఇనస్పెక్టరు. మాకు చుట్టం కాదు, పక్కం కాదు. అయినా రైల్వే క్వార్టర్లలో గోడకి అవతల ఉన్నవాళ్ళతో ఏదో ఒక వరస కలిసిపోతుంది. ఆయన మావ, ఆయన భార్య చిట్టెమ్మ నాకు అత్త. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ మాట నేను ఇప్పుడు రాస్తున్నానే గాని, ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండే సందడి వల్ల అప్పట్లో ఎవరికీ గుర్తుండేది కాదు.

పైడిరాజు మావని మీరెవరూ చూసి ఉండరు కాబట్టి చెప్పాలి. వినయం ఆయనకి ఆమడ దూరం. బిగుతు ప్యాంటు, నిగనిగలాడే బూట్లు, నుదుటి మీద జాగ్రత్తగా దువ్వి వంచుకున్న జుట్టు. పట్టాల మీద పరీక్షకి వెళ్ళినా జేబులో దువ్వెన ఉండాల్సిందే. కొత్తగా ఎవరైనా పరిచయమైతే రెండో మాటలోనే తను గిటారు వాయిస్తానని చెప్పేవాడు. వాళ్ళు అడక్కపోయినా వాయించి చూపించేవాడు. అత్త లోపల్నించి, "ఆల్లకి రైలుందట, ఒగ్గీండి!" అని కేకేసినా వదిలేవాడు కాదు. కానీ వాయించేవాడు బాగా. అది కూడా ఒప్పుకోవాలి.

ఆయన కొన్నాళ్ళు ఖరగ్‌పూర్‌లో పనిచేశాడు. అక్కడి రైల్వే క్లబ్బులో శనివారం శనివారం దొరల పాటలు వాయించే ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు దగ్గర గిటారు నేర్చుకున్నాడు. ఆ డ్రైవరు కుటుంబంతో ఆస్ట్రేలియాకి ఓడెక్కుతూ తన కరెంటు గిటారునీ, దానితోపాటు ఉండే పెట్టెనీ శిష్యుడి చేతిలో పెట్టాడట. పెట్టె అంటే ధ్వని పెంచే యాంప్లిఫయరు. అది లేకపోతే కరెంటు గిటారు నాలుగడుగుల అవతల వినిపించదు. చెక్క పెట్టె, ముందు గుడ్డ తొడుగు, పైన గాలి ఆడడానికి చిల్లుల రేకు. లోపల వేళ్ళంత గాజు వాల్వులు. మీట నొక్కి కాసేపు ఆగితే అవి నారింజ రంగులో వెలిగేవి. ఆ పెట్టెని మావ ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దసరానాడు పానాలు, సుత్తులు, కొలత పనిముట్లతో పాటు దాన్నీ పీట మీద పెట్టి, పసుపు కుంకాలు అద్ది, పూలదండ వేసి, తనే స్వయంగా పూజ చేసేవాడు. మేమంతా నిలబడి కొబ్బరిముక్క తిని వచ్చేవాళ్ళం.

ఇక నా సంగతి. పప్పు రుబ్బేటప్పుడు పాడుకోవడం నాకు అలవాటు. గోడ ఇటుకంత మందమే. ఒకరోజు పొత్రం ఆగీ ఆగకముందే మావ మా వాకిట్లో ఉన్నాడు. నాన్నతో, "బావా, నీ గుంట గొంతు గోడ దాటి వచ్చి నా గిటారుని పలకరిస్తన్నాది. మా పార్టీలో ఆడపిల్ల పాటలు మొగోడు పాడతన్నాడు, ఇనలేక సస్తన్నాం. నా ఎంట పంపు" అన్నాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళలో, ఊరి పండగల్లో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాకి ఆడపిల్లని పంపడమంటే మాటలు కాదు. నాన్న చాలాసేపు ఆలోచించాడు. చివరికి, "నీ బార్యని తోడు తీసుకెల్తానంటేనే. ఒకటి మాత్రం సెప్తన్నాను, పైడిరాజూ. గుంట మీద ఒక్క మాట పడినా, ఆ రోజుతో సరి" అన్నాడు. మావ గుండెల మీద చెయ్యి వేసుకుని సరేనన్నాడు. అలా నేను, చిట్టెమ్మత్త, ఆమె తమలపాకుల పెట్టె, ముగ్గురం ఆర్కెస్ట్రాలో చేరాం. నాకు పెళ్ళిచూపులు మొదలయ్యే వయసది. అప్పటిదాకా నాకంటూ ఉన్న ఒకే ఒక్క సంతోషం ఆ పాట.

పార్టీకి పెద్ద సన్యాసిరావు గారు. ఊళ్ళో బట్టల కొట్టు ఉండేది. చెడ్డవాడు కాదు. పార్టీకి పేరు పోతుందేమోనని మాత్రం ఎప్పుడూ గుండె పట్టుకుని తిరిగేవాడు. ఆయనదొక పద్ధతి ఉండేది. పొద్దు వాలగానే ప్రార్థన పాట తనే పాడాలి, తరవాత మగవాళ్ళ పాటలు, మధ్యలో పెళ్ళివారు ఇచ్చే కాఫీ ఫలహారాలు, ఆ పైన ఆడపిల్ల పాటలు. ఆడపిల్ల పాట ఉందని తెలిస్తే జనం కదలరని ఆయన లెక్క. గిటారూ, నేను పాడే మైకూ రెండూ మావ పెట్టెలోకే వెళ్ళేవి.

ఆ ఏడు దసరా వెళ్ళింది, కార్తీకం వచ్చింది, పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. రాజాంలో ఒక పెళ్ళి పందిట్లో సన్యాసిరావు గారి పాటలన్నీ హాయిగా సాగాయి. నేను లేచి మైకు ముందు నిలబడి పల్లవి ఎత్తుకున్నాను. పెట్టెలోంచి మరుగుతున్న నూనెలో కరివేపాకు వేసినట్టు చిటపటలు. ఆపైన గరగర. ఆగుతుంది అనుకుంటే పెరుగుతుంది. నా గొంతు ఎక్కడికి పోయిందో నాకే వినపడలేదు. జనం ముందు చెవులు మూసుకున్నారు, తరవాత నవ్వారు. మావ పెట్టె మీద అరచేత్తో ఒకటి చరిచాడు. అది ఇంకా గట్టిగా అరిచింది. మర్నాడు పొద్దున్న వరండాలో పెట్టి మీట నొక్కితే, ఏ పాపమూ ఎరగనట్టు చక్కగా పలికింది.

తరవాత గరివిడిలోనూ అంతే, బొబ్బిలి పక్క పల్లెలోనూ అంతే. సన్యాసిరావు గారు పాడినంతసేపూ కిక్కురుమనని పెట్టె, నేను లేచేసరికి మొదలుపెట్టేది. మొదట తబలా అబ్బాయి ఎగతాళిగా అన్నాడు, ఆ పెట్టెకి నేనంటే పడదని. తరవాత ఎగతాళి తగ్గింది, మాట మిగిలింది. ఒక పెళ్ళిలో ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, ఎంతో జాలిగా, "నీ జాతకం సూపించుకో తల్లీ. నువ్వు నోరు తెరిస్తే పెట్టి ఏడుస్తన్నాది" అంది. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి ఓ మాట అని ఉందును. జాలిపడింది కాబట్టి ఆ మాట నాతో ఇంటికి వచ్చేసింది. ఆ తరవాత పప్పు రుబ్బేటప్పుడు పాడడం మానేశాను. అమ్మ గమనించింది. గోడకి అవతల మావ కూడా గమనించాడని నాకు తరవాత తెలిసింది.

ఆయన మాత్రం పెట్టెతో కుస్తీ మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఆయన పని చేసే తీరు చూడటమే నాకు చదువు. దేనిమీదా అనుమానం ఉందని ముందే చెప్పేవాడు కాదు. గిటారు నుంచి పెట్టెకి వెళ్ళే తీగ ఊడదీశాడు, సాయంత్రం గరగర అలాగే ఉంది. సరే, గిటారు మంచిదే అని పక్కన పెట్టాడు. నా మైకు తీగ ఊడదీశాడు. అలాగే ఉంది. "సూసినావేటి? నీ మైకు దీనికి తగల్నేదు. నువ్వు పాడినా పాడకపోయినా ఇది ఏడుస్తన్నాది" అన్నాడు నా వైపు తిరిగి. తరవాత ధ్వని పెంచి తగ్గించే మీటని పూర్తిగా కిందికి తిప్పేశాడు. పాట చప్పుడు పూర్తిగా పోయింది, గరగర పోలేదు. అంటే రోగం ఆ మీటకి ఇవతల లేదు, అవతల, పెద్ద వాల్వులున్న చోట ఉందన్నమాట. విజయనగరం వెళ్ళి ఆ వాల్వులు కొత్తవి తెచ్చి వేశాడు. వాటితోనూ మార్పు లేదు. చిట్టెమ్మత్త విసుగ్గా, "దాని ఎనక పడి తిండి కూడా మానీసినారు, నాకు సవితిలా తయారైనాది" అంది. మావ నవ్వాడు గాని, కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి.

ఇదంతా ఆయన పార్టీవాళ్ళకి వివరంగా చెప్పాడు. మైకు ఊడదీసినా వస్తోంది కాబట్టి పిల్లకీ దీనికీ సంబంధం లేదన్నాడు. వాళ్ళు తలలూపారు. బయటికి వెళ్ళాక మళ్ళీ వాళ్ళ మాట వాళ్ళదే. తీగ ఊడిందో లేదో ఎవరు చూశారు, పిల్ల నిలబడితే గరగర రావడం మాత్రం అందరూ చూశారు. అప్పుడు మావకి ఒక ఆలోచన వచ్చింది. పాతపట్నంలో ఒక వ్యాపారి ఇంట పెళ్ళి. ఒడిశా వైపునుంచి కూడా చుట్టాలు వచ్చే పెద్ద పెళ్ళి. అక్కడ క్రమం తిరగేసి, ముందు నన్ను పాడించి, చివర్లో సన్యాసిరావు గారిని పాడమన్నాడు. ఆయన, "ఓరి బాబూ, మొదట ప్రార్థన పాట లేకుండా ఆడపిల్ల పాటేటి? ఎక్కడైనా ఉన్నాదేటి?" అని గగ్గోలు పెట్టాడు. ప్రార్థన పాట కూడా పిల్లే పాడతాదని మావ మొండికేశాడు. ఆయన మొండికేస్తే రైలు కూడా ఆగాల్సిందే, సిగ్నలు ఆయన చేతిలోదే కదా.

పొద్దు వాలుతుండగా నేను పాడాను. పెట్టె గువ్వలా ఉంది. నా గొంతు పందిరి చివరిదాకా వెళ్ళి తిరిగి నా చెవికి వచ్చింది. ఎన్నాళ్ళకో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫలహారాలయ్యాయి, చలి మొదలైంది, సన్యాసిరావు గారు గొంతు సవరించుకుని లేచారు. ఆయన రెండో పాటలో గరగర అందుకుంది. నేను చిట్టెమ్మత్త వైపు చూశాను. అత్త నా తొడ మీద చిన్నగా గిల్లింది, సంతోషం ఆపుకోలేక. ఇక నా మీద పడిన మాట పోయినట్టే అనుకున్నాం ఇద్దరం. అది ఎంత అమాయకత్వమో కాసేపట్లోనే తేలింది. పెళ్ళివారిలో ఒక పెద్దాయన సన్యాసిరావు గారిని పట్టుకుని, "ఆ గుంట సంగతి తెలిసి కూడా ముందుగా దాన్నే నిలబెట్టీసినారేటండి? సురువే సెడితే ఇంక ఎనక బాగుంటాదేటి?" అన్నాడు. సన్యాసిరావు గారు కాదనలేదు.

మనుషులు ఒకరిమీద ఒక ముద్ర వేశాక, దాన్ని తీసెయ్యడానికి తెచ్చిన సాక్ష్యాన్నే ఇంకో ముద్రగా వాడుకుంటారని నాకు ఆ వయసులోనే తెలిసింది. ఇంటికి వచ్చాక నాన్న విన్నాడు. "సాలమ్మా, ఇంక సాలు" అన్నాడు అంతే. నిజం చెప్పాలంటే నేను కూడా అదే అనుకున్నాను. మావ దగ్గరికి వెళ్ళి, "నేను రాను మావా. నా గొంతులోనే ఏదో ఉన్నాది. మీ పెట్టి పాడవకుండా ఉంటే సాలు" అన్నాను. ఓదారుస్తాడేమో అనుకున్నాను. ఆయన అసలు నా మాట విననే లేదు. దువ్వెనతో పెట్టె మీద టకటకమని కొడుతూ, తనలో తాను మాట్లాడుకుంటున్నాడు.

"ముందు పాడితే నీకు రాలేదు. ఎనక పాడితే సన్యాసిరావుకి వచ్చినాది. అంటే ఇది మనిసిని బట్టి రాటంలేదే గుంటా, యేలని బట్టి వస్తన్నాది. పొద్దున రాదు, సాయంత్రం మొదట్లో రాదు, మంచు దిగినాకే వస్తాది. మంచు దిగితే మా సిగ్నలు కేబిన్ల తీగలు కూడా ఇలాగే తిక్కతిక్కగా ఉంటాయి. తడికి కరెంటు దారి తప్పుతాది. ఎక్కడో ఏదో తడి పీలుస్తన్నాది." అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. "నీ గొంతులో ఏటీ లేదని నాను సెప్తే నమ్మవు నువ్వు. ఆదివారం మజ్జాన్నం రా. నీ సెవితో నువ్వే ఇను."

ఆదివారం వరండాలో పెట్టెని బోర్లించి, వెనక పలక విప్పి ఉంచాడు. అన్నం వార్చిన గంజిగిన్నె పొగలు కక్కుతూ పక్కన ఉంది. జలుబు చేసిన పిల్లకి ఆవిరి పట్టినట్టు, చిట్టెమ్మత్త దూరంగా కూర్చుని తాటాకు విసనకర్రతో ఆవిరిని పెట్టె వైపు విసురుతోంది. మావ మీట నొక్కాడు. వాల్వులు వెలిగాయి. నా చేతికి ఎండిన వెదురుపుల్ల ఇచ్చాడు. "ఎడం సెయ్యి ఎనక్కి పెట్టి కొంగుతో కట్టీసుకో. ఈ పెట్టిలో సంపీసే కరెంటున్నాది. రెండు సేతులూ పెడితే ఓ సేతిలోంచి ఎక్కి గుండె మీదుగా ఇంకో సేతిలోంచి దిగుతాది. ఒక్క సెయ్యే. పుల్ల తప్ప ఏలు తగలకూడదు." వాల్వుల పని చేసేటప్పుడు ఆయనెప్పుడూ ఎడమ చెయ్యి వెనక జేబులో పెట్టుకునేవాడు. అప్పటిదాకా అది కూడా షోకే అనుకున్నాను.

పట్టపగలు, నా నోటమ్మట పాట లేదు, మైకు లేదు, పెట్టె గరగరమంది. ఆ గిన్నె ఆవిరికి. "తట్టు. ఒక్కొక్కటీ తట్టు. ఎక్కడ తడితే ఎక్కువ అరుస్తాదో సెప్పు. ఇక్కడ నా సెవికన్నా నీ సెవి మంచిది" అన్నాడు. ఆ మాట అనడానికి అంత గర్విష్ఠి మనిషికి ఎంత మనసుండాలో ఇప్పుడు తెలుస్తోంది. నేను తట్టుకుంటూ పోయాను. చివరి పెద్ద వాల్వు కూర్చునే నల్లటి సాకెట్టు గుంట దగ్గర పుల్ల ఆనగానే భళ్ళుమంది. అత్త చీర అడ్డం పట్టి వెలుతురు ఆపింది. ఆ గుంటలో రెండు పిన్నుల మధ్య సన్నటి నీలం మెరుపు, చిట్ చిట్ మంటూ పాకుతోంది. "మావా, అదిగో! అదిగో!" అని అరిచాను. పెళ్ళిళ్ళలో నన్ను ఏడిపించినదాన్ని నా కళ్ళతో నేను చూశాను.

మావ మీట ఆపేసి, తీగ ఊడబెరికి, లోపల మిగిలిన కరెంటు కారిపోయేలా చేసి, అప్పుడు వాల్వు లాగాడు. కొత్త వాల్వులు వేసిన రోజు పై నుంచే గుచ్చేశాడు గాని, ఆ గుంటలోకి తొంగి చూడలేదు. ఇప్పుడు చూస్తే గుంట చుట్టూ గోధుమరంగు జిగురు, పొర కట్టి ఉంది. దానికి అంటుకుని చచ్చిన చిన్న చిన్న చీమలు. చీమలేమిటి ఇందులో, అని నేను ఆశ్చర్యపోతుంటే, మావ చిమటాతో ఒక గింజ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పసుపు రాసిన బియ్యపుగింజ. అక్షింత. పైన చిల్లుల రేకు నుంచి ఆ గుంట దాకా కారిన చార కూడా కనిపించింది. అత్త అందుకుంది. "ఓలమ్మో! దసరానాడు నాను మొత్తుకున్నాను, కొబ్బరికాయ గుమ్మంలో కొట్టండి, కిందన కొట్టండి అని. ఇన్నారేటి? నా పెట్టి, నా ఇష్టం అని దాని నెత్తి మీదే కొట్టీసినారు!"

కొబ్బరినీళ్ళు పైకి ఎండిపోయాయి. వాటిలోని తీపి మాత్రం పొరలా ఉండిపోయింది. సాయంత్రం మంచు దిగగానే ఆ పొర చెమ్మ పీల్చుకుని, కరెంటుకి అడ్డదారి చూపించేది. అంతే సంగతి. నాకు పట్టలేనంత నవ్వొచ్చింది, అత్తకీ వచ్చింది. మావకి రాలేదు. రైల్వే ఆసుపత్రి కాంపౌండరు దగ్గర తెచ్చిన స్పిరిట్‌తో, దూదితో ఆ మధ్యాహ్నమంతా ఆయన ఒక్కొక్క పిన్నూ తుడుస్తూ కూర్చున్నాడు. జుట్టు నుదుటి మీద పడుతున్నా సర్దుకోలేదు. మాడిపోయిన ఆ సాకెట్టుని తరవాత తీసేసి, విజయనగరంలో దొరికిన పింగాణీది వేశాడు.

సన్యాసిరావు గారికి చెబితే ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే, "పూజ సేసిన కొబ్బరికాయ వల్లని బయట అనకండి బాబూ, ఎవరెలా తీసుకుంటారో. వాల్వు పోనాది, మార్చీసినాం అని సెప్పీద్దాం. నీకూ పరువు, మాకూ పరువు" అన్నాడు. మావ ఔననలేదు, కాదనలేదు. ఆ రోజే కాదు, తరవాత కూడా ఎవరికీ ఏమీ చెప్పలేదు. అద్దం ముందు జుట్టు దువ్వుకుంటూ నన్ను చూసి చూడనట్టు ఊరుకునేవాడు. ఊరంతా తన గిటారు గురించి చెప్పుకోవాలని కోరుకునే మనిషి కదా, తన పెట్టెని తనే పాడుచేసుకున్నానని ఎలా చెబుతాడు? నాకు అర్థమైంది. అర్థమైనా బాధ తగ్గలేదు. గరగర పోయింది సరే. అది నావల్ల కాదని మా వరండాలో ముగ్గురికి తప్ప ఎవరికి తెలుసు? రేపు జనం ఏమంటారో నేనే ఊహించగలను, పిల్లకి ఏదో శాంతి చేయించారట, పోయిందట అని.

తరవాతి పాటకచేరీ స్టేషన్ మాస్టారి కూతురి పెళ్ళిలో, మా స్టేషన్ పక్క మైదానంలోనే. నాన్న రాక తప్పదు, ఊరందరూ రాక తప్పదు. మావ నాన్నని బతిమాలి, ఈ ఒక్కసారికి పంపమన్నాడు. మగవాళ్ళ పాటలయ్యాయి, ఫలహారాలయ్యాయి, మంచు దిగింది. నేను లేచేసరికి ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఒకావిడ చెవుల్లో వేళ్ళు కూడా పెట్టేసుకుంది, ముందుజాగ్రత్తగా. అప్పుడు మావ గిటారు కింద పెట్టి లేచి వచ్చి, నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. సన్యాసిరావు గారు చొక్కా పట్టుకుని లాగుతున్నా వినలేదు.

"ఒక్క మాట సెప్తాను ఇనండి" అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే దర్జా లేదు. "ఇన్నాళ్ళూ ఈ గుంట నిలబడితే పెట్టి ఏడుస్తన్నాదని మీరంతా అన్నారు. నానూ ఇన్నాను. దసరానాడు ఆ పెట్టి నెత్తి మీద కొబ్బరికాయ కొట్టినోడ్ని నాను. ఆ నీల్లు లోపలికి పోయి, మంచు దిగినప్పుడల్లా గరగర. అమ్మోరి తప్పు కాదు, కొబ్బరికాయ తప్పు కాదు, ఈ పిల్ల తప్పు అసలే కాదు. బుద్ది లేనిది నాకు. రైల్వేలో కరెంటు పని సేసేవోడ్ని, కరెంటు పెట్టి మీద నీల్లు పోసినాను." తరవాత వెనక వరసలోంచి ఎవరో, "ఏటీ, గిటారుకి కొబ్బరినీల్లు తాగించినావేటి, పైడిరాజూ!" అన్నారు. మైదానం మొత్తం పగలబడి నవ్వింది. పెళ్ళికొడుకు కూడా నవ్వాడు. మావ మెడ దాకా ఎర్రబడి, ఆ నవ్వు ముగిసేదాకా అక్కడే నిలబడ్డాడు. మధ్యలో దిగిపోలేదు. తరవాత మైకు నా చేతిలో పెట్టి, "ఇంక పాడు" అన్నాడు.

పాడాను. మంచు మీద మంచు కురుస్తున్నా పెట్టె చప్పుడు చెయ్యలేదు. పాట మధ్యలో నాన్న కనిపించాడు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. మంచుకని నేను అనుకోలేదు. మర్నాడు పొద్దున్న నేను పప్పు రుబ్బుతుంటే దగ్గరికి వచ్చి, "ఏటమ్మా, మాటాడకుండా రుబ్బుతన్నావు?" అన్నాడు. పాడమని నాన్న నన్ను అడగడం అదే మొదటిసారి.

ఆ రోజునుంచి పైడిరాజు మావ పేరు ఆ చుట్టుపక్కల కొబ్బరికాయ గిటారు అయిపోయింది. సిగ్నల్ ఇనస్పెక్టరు అంటే తెలియనివాళ్ళకి కూడా కొబ్బరికాయ గిటారు అంటే తెలిసేది. షోకు మనిషి, ఆ పేరు విన్నప్పుడల్లా ఆయన మొహం ఒక్క క్షణం ముడుచుకునేది, నేను చూసేదాన్ని. బదిలీ మీద పలాస వెళ్ళినా ఆ పేరు రైలెక్కి ఆయనకంటే ముందే వెళ్ళిందని అత్త చెప్పేది. ఆయన పోయినప్పుడు శవం దగ్గర కూర్చున్న ఒక ముసలాయన, పక్కవాడికి ఆ పేరుతోనే చెప్పాడు ఎవరు పోయారో. నాకు ఏడుపు ఆగలేదు. నా మీద నుంచి తీసి ఆయన తన మీద వేసుకున్న పేరది, చచ్చేదాకా మోశాడు.

తరవాత నేను ఆడపిల్లల బడిలో సంగీతం పంతులమ్మనయ్యాను. పెళ్ళయినా, పిల్లలు పుట్టినా పాట మానలేదు. మావ పెట్టెని చల్లగా తుడిచేసి ఊరుకుని ఉంటే కూడా గరగర పోయేది. నేను కూడా పాడి ఉందునేమో, కానీ లోపల ఎక్కడో ఒక భయంతో, తెర చాటునుంచి చూస్తున్నట్టు పాడేదాన్ని. పదిమందిలో నా మీద పడినదాన్ని ఆయన పదిమందిలోనే తీసేశాడు. అందుకు నేను ఆయనకి ఏనాడూ కృతజ్ఞత చెప్పలేదు. చెప్పబోతే దువ్వెన తీసి జుట్టు సర్దుకునేవాడు.

ఇప్పుడు ఈ వయసులో కూడా పండగలకీ, పెళ్ళిళ్ళకీ ఎవరో ఒకరు నన్ను పాడమంటారు. కొత్త కొత్త మైకులు, అయినా పాట మధ్యలో ఏదో ఒకటి కీచుమంటుంది, జనం తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరుగుతాయి. పక్కన ఉన్న ఆడపిల్లలైతే ఠక్కున ఆపేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, తామే ఏదో చేసినట్టు. నేను మాత్రం పాడుతూనే తీగ వంక చూస్తాను. నా వంక చూసుకోవడం ఎప్పుడో మానేశాను.